జెరండ్ ఎక్కడ, టు ఎక్కడ: జాబితా బట్టీ పట్టే ముందు తెలుగులో అనుకుని చూడండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. పోటీ పరీక్షలకు ఇంగ్లీష్ గ్రామర్ చదువుతున్నారు. ‘ఎంజాయ్’ తర్వాత ఇంగ్, ‘వాంట్’ తర్వాత టు అంటూ పొడుగాటి జాబితాలు బట్టీ పడుతున్నారు. వారం తిరిగేసరికి అన్నీ కలగాపులగం అయిపోతున్నాయి. ఎర్రర్ స్పాటింగ్ బిట్ కనబడితేనే టెన్షన్. జెరండ్ ఎప్పుడు వాడాలో తెలుసుకోవడానికి పద్ధతంటూ ఏదైనా ఉందా, అసలు జెరండ్‌కీ పార్టిసిపుల్‌కీ తేడా ఏమిటి అని అడిగారు.

పద్ధతి ఉంది. బట్టీ అస్సలు లేకుండా గట్టెక్కిస్తానని చెప్పను గానీ, మీ జాబితాలో చాలా భాగం కొట్టేయొచ్చు. చాలా ఏళ్లుగా సాయంత్రం బ్యాచ్‌లకు ఈ గ్రామరే చెబుతున్నాను. ఈ చాప్టర్ దగ్గర మనవాళ్లు తడబడేది తెలుగు అడ్డొచ్చి అని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. ఇంగ్లీష్‌లో జెరండ్ (‘రీడింగ్’ లాంటిది), ఇన్ఫినిటివ్ (‘టు రీడ్’ లాంటిది) అనేవి పంచుకుని చేసే పనిని తెలుగు క్రియ చాలా చోట్ల ఇంకా విడమరచి చేస్తుంది. దాన్ని ఎలా వాడుకోవాలో ఎవరూ చెప్పరు, అంతే.

ముందు మీ రెండో ప్రశ్న తేల్చేద్దాం. చదవడం, తినడం, నడవడం. క్రియకు ‘అడం’ తగిలిస్తే అది నామవాచకంలా నడుస్తుంది: చదవడం మంచి అలవాటు, చదవడంలో ఆనందం, చదవడం వల్ల లాభం. ఇంగ్లీష్‌లో ఈ పని చేసేది జెరండ్. ‘రీడింగ్’ అన్న మాటకు వాక్యంలో ‘చదవడం’ అని అర్థం వస్తే జెరండ్, ‘చదువుతూ’ అనో ‘చదువుతున్న’ అనో వస్తే పార్టిసిపుల్. హైస్కూల్ తెలుగు వ్యాకరణంలో శత్రర్థకం అని చదువుకున్నారు కదా, ‘తింటూ, నడుస్తూ’ లాంటివి; పార్టిసిపుల్ దానికి దగ్గరి చుట్టం. ‘తినడానికి, చూడటానికి’ లాంటి తుమున్నర్థకానికి దగ్గరగా ఉండేది టుతో వచ్చే ఇన్ఫినిటివ్.

"ఐ లైక్ రీడింగ్" అంటే నాకు చదవడం ఇష్టం, కాబట్టి జెరండ్. "షి ఈజ్ రీడింగ్" అంటే చదువుతోంది, అది కంటిన్యూయస్ క్రియలో భాగం. "ఐ సా ఎ బాయ్ రీడింగ్ అండర్ ద ల్యాంప్" అంటే దీపం కింద చదువుకుంటున్న కుర్రాణ్ణి చూశాను, అది పార్టిసిపుల్. మూడింటికీ రూపం ఒకటే కావడానికి కారణం చరిత్రలో ఉంది. పాత ఇంగ్లీష్‌లో ఇవి విడివిడిగా ఉండేవి: నామవాచకానికి ‘ఉంగ్’ లేదా ‘ఇంగ్’, పార్టిసిపుల్‌కి ‘ఎండె’ అనే వేరే ప్రత్యయం. మధ్యయుగపు ఇంగ్లీష్ కాలంలో రెండూ ‘ఇంగ్’లో కలిసిపోయాయి. రూపం ఒకటైంది, పనులు మాత్రం రెండుగానే మిగిలాయి. ఈ విభజన ఇంక అనవసరం అని 2002లో వెలువడిన కేంబ్రిడ్జ్ వారి పెద్ద వ్యాకరణం రెంటికీ కలిపి ‘జెరండ్-పార్టిసిపుల్’ అని ఒకే పేరు పెట్టింది. వాళ్ల వాదనలో బలం ఉంది. కానీ మన పరీక్షల్లో ఆ తేడానే అడుగుతారు కాబట్టి మీరు పాత దారిలోనే వెళ్ళండి.

మనం తెలుగులో కలిపేసుకుని రోజూ వాడే మాటల మీద ఈ తేడా సాధన చేయొచ్చు. వెయిటింగ్ హాల్, డ్రైవింగ్ లైసెన్స్, స్లీపింగ్ పిల్, డ్రింకింగ్ వాటర్. హాలు ఎదురుచూడదు, లైసెన్సు బండి నడపదు, మాత్ర నిద్రపోదు. ఎదురుచూడటం కోసం ఉన్న హాలు, నిద్రపోవడం కోసం వేసుకునే మాత్ర. ఇవన్నీ జెరండ్లు. "స్లీపింగ్ బేబీ"లో నిద్రపోతున్నది పాపే, కాబట్టి పార్టిసిపుల్. "రన్నింగ్ బస్సు ఎక్కొద్దు" అంటామే, ఆ ‘రన్నింగ్’ పార్టిసిపుల్. ‘రన్నింగ్ షూస్’లో ఉన్నది జెరండ్. పలికేటప్పుడు కూడా తేడా వినిపిస్తుంది. ‘స్లీపింగ్ పిల్’ అన్నప్పుడు ఊనిక ‘స్లీప్’ మీద పడి ‘పిల్’ తేలిపోతుంది. ‘స్లీపింగ్ బేబీ’ అన్నప్పుడు ‘బేబీ’నే గట్టిగా పలుకుతారు. ‘డాన్సింగ్ టీచర్’ లాంటి మాటకైతే ఈ ఊనికే దిక్కు: ‘డాన్సింగ్’ని నొక్కితే డాన్స్ నేర్పే టీచర్, ‘టీచర్’ని నొక్కితే డాన్స్ చేస్తున్న టీచర్.

ఇక అసలు ప్రశ్న. జెరండ్ నామవాచకం లాంటిది కాబట్టి నామవాచకానికి చోటున్న ప్రతిచోటా వస్తుంది. వాక్యంలో కర్తగా వస్తుంది, ప్రిపొజిషన్ (‘ఇన్’, ‘ఫర్’, ‘ఆఫ్టర్’ లాంటి మాట) తర్వాత వస్తుంది, కొన్ని క్రియల తర్వాత కర్మగా వస్తుంది. మొదటిది సులువు. రెండోది దాదాపు మినహాయింపు లేని రూలు. గొడవంతా మూడోదాంతోనే.

కర్తగా వచ్చినప్పుడు ఒక్కటే జాగ్రత్త. "గ్రోయింగ్ వెజిటబుల్స్ ఆన్ ద టెర్రస్ టేక్స్ టైమ్." మేడ మీద కూరగాయలు పెంచడానికి టైమ్ పడుతుంది. పక్కనే ‘వెజిటబుల్స్’ అని బహువచనం కనబడుతోంది కదా అని ‘టేక్’ పెట్టేస్తారు. ఇక్కడ కర్త కూరగాయలు కావు, పెంచడం. అది ఒక్కటే పని, కాబట్టి ‘టేక్స్’. ఎర్రర్ స్పాటింగ్ తయారుచేసేవాళ్లకు ఇది చాలా ఇష్టమైన బిట్టు. ఈ ఏకవచనం ఒక్కోసారి అర్థాన్నే మార్చేస్తుంది. "విజిటింగ్ రిలేటివ్స్ ఈజ్ టైరింగ్" అంటే చుట్టాలిళ్లకు వెళ్ళడం అలసట. "విజిటింగ్ రిలేటివ్స్ ఆర్ టైరింగ్" అంటే మనింటికొచ్చే చుట్టాలతో అలసట. కర్త స్థానంలో "టు స్విమ్" లాంటి ఇన్ఫినిటివ్ పెట్టినా తప్పు కాదు గానీ, మామూలు మాటల్లో పుస్తకం చదివినట్టు ఉంటుంది.

ప్రిపొజిషన్ సంగతికి వద్దాం. ఉద్యోగానికి అప్లై చేసే పిల్లలు నాకు చూపించే మెయిల్స్‌లో ఈ నాలుగు వాక్యాలు అటూ ఇటూగా ఉంటూనే ఉంటాయి:

"థాంక్యూ ఫర్ గివ్ మి దిస్ ఆపర్చునిటీ. ఐ యామ్ ఇంట్రెస్టెడ్ టు జాయిన్ యువర్ టీమ్. ఆఫ్టర్ కంప్లీట్ మై డిగ్రీ ఐ వర్క్‌డ్ ఇన్ ఎ స్మాల్ కంపెనీ. ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యు."

నాలుగూ తప్పులే, నాలుగింటికీ కారణం ఒక్కటే. ‘ఫర్’, ‘ఆఫ్టర్’, చివరి వాక్యంలో ‘టు’, ‘ఇంట్రెస్టెడ్’ తర్వాత ఉండాల్సిన ‘ఇన్’ ఇక్కడ ప్రిపొజిషన్లు. ప్రిపొజిషన్ తర్వాత ఉత్త క్రియ రాదు, నామవాచకం కావాలి. క్రియే పెట్టాలనుకుంటే జెరండ్ చేసి పెట్టాలి. "ఫర్ గివింగ్ మి", "ఇంట్రెస్టెడ్ ఇన్ జాయినింగ్", "ఆఫ్టర్ కంప్లీటింగ్", "లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు".

ఇక్కడ మాత్రం తెలుగు మనకు సాయపడదు. ‘అడం’ ఉంటే జెరండ్ అని వెతుకుతారు, కానీ ఇలాంటి వాక్యాల తెలుగులో ‘అడం’ తరచూ కనబడనే కనబడదు. "వితౌట్ సేయింగ్ ఎ వర్డ్": ఒక్క మాట కూడా చెప్పకుండా. "బిఫోర్ గోయింగ్ టు బెడ్": పడుకునే ముందు. "బై ప్రెసింగ్ దిస్ బటన్": ఈ బటన్ నొక్కి. "ఇన్‌స్టెడ్ ఆఫ్ వెయిటింగ్": ఎదురుచూసే బదులు. "ఆన్ హియరింగ్ ద న్యూస్": కబురు వినగానే. తెలుగులో చెప్పకుండా, పడుకునే, నొక్కి, చూసే, వినగానే అని ఒక్కో చోట ఒక్కో రూపం. ఇంగ్లీష్‌లో అన్నింటికీ కలిపి ఒక్క జెరండ్. ఈ ఒక్క చోట ఇంగ్లీషే సులువు. కాబట్టి ఇక్కడ తెలుగులో ఆలోచించకండి, ప్రిపొజిషన్ ఉందా లేదా అని మాత్రం చూడండి. మినహాయింపుగా చెప్పుకోదగ్గవి ‘బట్’, ‘ఎక్సెప్ట్’: "హి డిడ్ నథింగ్ బట్ క్రై", ఏడవడం తప్ప ఏమీ చేయలేదు. అక్కడ ‘క్రైయింగ్’ కాదు.

ఈ రూలులో దెబ్బతీసేది ‘టు’. ఇది రెండు రకాలు. ఒకటి ఇన్ఫినిటివ్ ముందు వచ్చేది, రెండోది అచ్చమైన ప్రిపొజిషన్. ఏది ఏదో తెలియాలంటే ‘టు’ తర్వాత క్రియ తీసేసి ‘ద ఎగ్జామ్’ లాంటి నామవాచకం పెట్టి చూడండి. "ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు ద ఎగ్జామ్" అనొచ్చు, వాక్యం నిలబడుతోంది. అంటే అది ప్రిపొజిషన్, తర్వాత జెరండే రావాలి. "ఐ వాంట్ టు ద ఎగ్జామ్" అనలేం. అంటే అది ఇన్ఫినిటివ్ టు. ఈ పరీక్ష పెడితే ‘అబ్జెక్ట్ టు’, ‘అకస్టమ్డ్ టు’, ‘అడిక్టెడ్ టు’, ‘కమిటెడ్ టు’, ‘విత్ ఎ వ్యూ టు’, ‘వెన్ ఇట్ కమ్స్ టు’ అన్నీ ప్రిపొజిషన్ వైపే తేలతాయి. ఇది చెప్పిన మర్నాడు కొందరు ఉత్సాహం కొద్దీ "ఐ వాంట్ టు గోయింగ్" అని రాసుకొస్తారు. అది ఇంకా పెద్ద తప్పు.

‘యూజ్డ్ టు’ రెండు గుంపుల్లోనూ ఉంటుంది. "ఐ యూజ్డ్ టు గెట్ అప్ ఎట్ ఫోర్" అంటే అప్పట్లో నాలుగింటికే లేచేవాణ్ణి, ఇప్పుడు లేవట్లేదు. "ఐ యామ్ యూజ్డ్ టు గెటింగ్ అప్ ఎట్ ఫోర్" అంటే నాలుగింటికి లేవడం నాకు అలవాటే. మనిషి గురించి చెబుతూ ముందు ‘యామ్, ఈజ్, ఆర్, వాజ్’ లాంటిది ఉంటే అలవాటు, తర్వాత జెరండ్. అలాగే "ఇంట్రెస్టెడ్ టు" పూర్తిగా తప్పని నోట్సులో రాసుకోకండి. "ఐ యామ్ ఇంట్రెస్టెడ్ టు నో వాట్ హ్యాపెన్డ్" సరైన వాక్యమే: ఏం జరిగిందో తెలుసుకోవాలనుంది. ఒక విషయం వినాలని, తెలుసుకోవాలని కుతూహలం ఉన్నప్పుడు టు. ఒక పని మీద ఆసక్తి ఉన్నప్పుడు ఇన్, ఆ తర్వాత జెరండ్.

ఇప్పుడు మూడోది, మీ జాబితాల గొడవ. ఒక క్రియ తర్వాత ఇంకో క్రియ వస్తే ఇంగ్ పెట్టాలా, టు పెట్టాలా?

రెండో పనిని తెలుగులో ‘అని’తో ముగిసే చిన్న మాటగా మార్చి చూడండి. వస్తానని మాటిచ్చాడు: "హి ప్రామిస్డ్ టు కమ్." వెళ్ళాలని నిర్ణయించుకుంది: "షి డిసైడెడ్ టు గో." రానన్నాడు: "హి రెఫ్యూజ్డ్ టు కమ్." స్థలం కొనాలని ఉంది: "ఐ వాంట్ టు బై ఎ ప్లాట్." సాయం చేస్తానన్నాడు: "హి ఆఫర్డ్ టు హెల్ప్." తానని, ఆలని, నని. అన్నీ ఇంకా జరగని పనులు, ముందున్న పనులు. అక్కడ టు.

మరోవైపు చూడండి. డబ్బు తీశానని ఒప్పుకున్నాడు: "హి అడ్మిటెడ్ టేకింగ్ ద మనీ." తీయలేదన్నాడు: "హి డినైడ్ టేకింగ్ ద మనీ." అనవసరంగా ఆ మాట అన్నానే అని బాధపడ్డాడు: "హి రిగ్రెటెడ్ సేయింగ్ ఇట్." శానని, లేదని, న్నానని. జరిగిపోయిన సంగతులు, లేదా జరిగిందా లేదా అని వాదించుకునే సంగతులు. అక్కడ జెరండ్.

ఇది ఎంత పక్కాగా పనిచేస్తుందో చూడాలంటే ‘ఒప్పుకొను’ అనే మన క్రియ చాలు. ఇల్లు అమ్ముతానని ఒప్పుకున్నాడు. ఇల్లు అమ్మేశానని ఒప్పుకున్నాడు. తెలుగులో ముఖ్యక్రియ ఒక్కటే, లోపలి మాటలో కాలం మారింది. ఇంగ్లీష్‌లో ముఖ్యక్రియే మారిపోతుంది, దాంతోపాటు దాని వెనకున్నదీ మారుతుంది: "హి అగ్రీడ్ టు సెల్ ద హౌస్", "హి అడ్మిటెడ్ సెల్లింగ్ ద హౌస్". ‘అగ్రీ’ ఒక జాబితాలో, ‘అడ్మిట్’ ఇంకో జాబితాలో ఎందుకున్నాయో ఇక బట్టీ పట్టనక్కర్లేదు.

దీని వెనక ఉన్న కారణం కూడా కష్టమైంది కాదు. ఇన్ఫినిటివ్ ముందున్న ‘టు’ మొదట్లో ప్రిపొజిషనే, ‘వైపు’ అని దాని అర్థం. మనసు ఆ పని వైపు చూస్తోంది, ఇంకా చేరలేదు. జెరండ్ దగ్గర పని అప్పటికే చేతిలో ఉంటుంది. ఎంజాయ్ చేయాలంటే ఆ పని జరుగుతూ ఉండాలి, ఫినిష్ చేయాలంటే మొదలై ఉండాలి, గివప్ చేయాలంటే అలవాటై ఉండాలి, మిస్ అవ్వాలంటే ఒకప్పుడు ఉండి ఉండాలి. అందుకే ‘ఎంజాయ్’, ‘ఫినిష్’, ‘గివప్’, ‘కీప్’, ‘ప్రాక్టీస్’, ‘మిస్’, ‘డిస్‌లైక్’ అన్నింటి వెనకా ఇంగ్.

ఇంకో తెలుగు రూపం ఉంది, ‘దామని’. సినిమాకి వెళ్దామన్నాడు: "హి సజెస్టెడ్ గోయింగ్ టు ఎ మూవీ." ఇల్లు మారదామా అని ఆలోచిస్తున్నాం: "వి ఆర్ కన్సిడరింగ్ మూవింగ్." ఇవి జరగని పనులే, అయినా జెరండ్. నా లెక్కలో ఇక్కడ ఎవరూ ఆ పనికి కట్టుబడలేదు, దాన్ని ఒక విషయంగా అందరి ముందూ పెట్టారు, అంతే. ‘సజెస్ట్’ దగ్గర మనవాళ్లు చేసే అసలు తప్పు వేరే ఉంది. నన్ను డాక్టర్‌కి చూపించుకోమని సలహా ఇచ్చాడు అన్నదాన్ని "హి సజెస్టెడ్ మి టు సీ ఎ డాక్టర్" అని రాస్తారు. ‘సజెస్ట్’ తర్వాత మనిషిని పెట్టి టు పెట్టకూడదు. "హి సజెస్టెడ్ సీయింగ్ ఎ డాక్టర్" అనాలి, లేదా "హి సజెస్టెడ్ దట్ ఐ సీ ఎ డాక్టర్" అనాలి. మనిషిని పెట్టాలని ఉంటే ‘అడ్వైజ్’ వాడుకోండి: "హి అడ్వైజ్డ్ మి టు సీ ఎ డాక్టర్." ‘అలౌ’ కూడా ఇదే తీరు. మనిషి ఉంటే టు, లేకపోతే ఇంగ్: "దే డోంట్ అలౌ అస్ టు పార్క్ హియర్", "దే డోంట్ అలౌ పార్కింగ్ హియర్".

ఈ సూత్రం అన్ని క్రియలకూ సరిపోదు. ‘అవాయిడ్’, ‘పోస్ట్‌పోన్’, ‘పుట్ ఆఫ్’, ‘డిలే’, ‘రిస్క్’, ‘మైండ్’ దగ్గర పని ఇంకా జరగకపోయినా జెరండే వస్తుంది. ‘మేనేజ్’ దగ్గర పని అయిపోయినా టు వస్తుంది: "హి మేనేజ్డ్ టు గెట్ ఎ టికెట్", ఎలాగో టికెట్ సంపాదించాడు. ‘అవాయిడ్’ లాంటివి పని వైపు కాకుండా పనికి దూరంగా జరుగుతాయి కాబట్టి టు రాదని కొందరు చెబుతారు. మరి ‘రెఫ్యూజ్’ కూడా దూరం జరగడమే కదా అంటే వాళ్ల దగ్గర జవాబుండదు. లాజిక్‌ని సాగదీసే కన్నా ఈ కాసిన్ని బట్టీ పట్టడమే నయం. ఇంగ్ వైపు ఇప్పుడు చెప్పిన ఆరూ, వాటికి తోడు ‘రికమెండ్’. టు వైపు ‘మేనేజ్’, ‘అఫర్డ్’, ‘ప్రిటెండ్’, ‘ఫెయిల్’, ‘టెండ్’, ‘లర్న్’.

ఒక హెచ్చరిక. పైపైన ‘అడం’ ఉంది కాబట్టి ఇంగ్, ‘డానికి’ ఉంది కాబట్టి టు అని తీర్మానించకండి. "ఈత కొట్టడం నేర్చుకున్నాను" అన్నది "ఐ లర్న్డ్ టు స్విమ్". "చన్నీళ్లు పోసుకోవడానికి అలవాటు పడ్డాను" లాంటి వాక్యాలు, "కలవడానికి ఎదురుచూస్తున్నాను" లాంటి వాక్యాలు ఎటు పోతాయో ప్రిపొజిషన్ చెబుతుంది, తెలుగు విభక్తి చెప్పదు. ‘అడం’ జెరండ్‌ని గుర్తుపట్టడానికి పనికొస్తుంది. ఎంచుకోవడానికి మాత్రం జరిగిందా, జరగాల్సి ఉందా అన్నదే అడగాలి.

ఇదే ప్రశ్న రెండూ వచ్చే క్రియల దగ్గర బాగా అక్కరకొస్తుంది. వీటిని పరీక్షల్లోనూ తెగ అడుగుతారు, నిజజీవితంలోనూ అర్థం తిరగబడుతుంది.

రాత్రి గేటు సంగతి తీసుకోండి. "రిమెంబర్ టు లాక్ ద గేట్": తాళం వేయడం మర్చిపోకు, ఇంకా వేయలేదు. "ఐ రిమెంబర్ లాకింగ్ ద గేట్": తాళం వేసినట్టు గుర్తుంది, వేసేశాను. మన ‘వేసినట్టు’ అన్న రూపంలోనే జరిగిపోయిన సంగతి ఉంది. ‘ఫర్గెట్’ కూడా అంతే. "ఐ ఫర్గాట్ టు పే ద ఎలక్ట్రిసిటీ బిల్" అంటే బిల్లు కట్టడం మర్చిపోయాను, కట్టలేదు. "ఐ విల్ నెవర్ ఫర్గెట్ సీయింగ్ ద సీ ఫర్ ద ఫస్ట్ టైమ్" అంటే మొదటిసారి సముద్రం చూసిన సంగతి ఎప్పటికీ మర్చిపోను. ‘సంగతి’ అని చేర్చగలిగితే జెరండ్ అని గుర్తు పెట్టుకోండి.

‘ట్రై’ దగ్గర తెలుగుకు ఇంకా చక్కని విడదీత ఉంది. ఊరగాయ సీసా మూత బిగుసుకుపోయింది. "ఐ ట్రైడ్ టు ఓపెన్ ఇట్": తీయడానికి ప్రయత్నించాను, రాలేదు. పక్కనున్నవాళ్లు "ట్రై పోరింగ్ హాట్ వాటర్ ఆన్ ద లిడ్" అంటారు: మూత మీద వేణ్ణీళ్లు పోసి చూడు. పోసి చూడు, అడిగి చూడు, మార్చి చూడు. తెలుగులో ఎక్కడ ‘చూడు’ చేరుతుందో ఇంగ్లీష్‌లో అక్కడ ‘ట్రై’ తర్వాత ఇంగ్. నీళ్లు పోయడం కష్టమేం కాదు, దానివల్ల మూత వస్తుందా లేదా అన్నదే ప్రశ్న. పనే కష్టమై ప్రయాసపడితే టు.

"హి స్టాప్డ్ స్మోకింగ్" అంటే సిగరెట్ మానేశాడు. "హి స్టాప్డ్ టు స్మోక్" అంటే సిగరెట్ కాల్చడానికి ఆగాడు. తెలుగులో మానడం, ఆగడం వేర్వేరు క్రియలు కాబట్టి మనకు పొరపాటు పడే అవకాశమే తక్కువ. "వి రిగ్రెట్ టు ఇన్‌ఫార్మ్ యు" అని వచ్చే ఉత్తరాల్లో టు ఎందుకంటే చేదు కబురు ఇంకా చెప్పలేదు, తర్వాతి వాక్యంలో చెప్పబోతున్నారు. ‘బిగిన్’, ‘స్టార్ట్’, ‘కంటిన్యూ’ దగ్గర ఏది పెట్టినా అర్థం ఒకటే. రెండు ఇంగ్‌లు పక్కపక్కన పడకుండా చూసుకోండి, "ఇట్ ఈజ్ స్టార్టింగ్ టు రెయిన్" అనండి.

కొన్ని పలుకుబళ్లు ఉన్నాయి, వాటికి లాజిక్ వెతకొద్దు. "ద బుక్ ఈజ్ వర్త్ రీడింగ్", "ఇట్ ఈజ్ నో యూజ్ క్రైయింగ్", "ఐ కాంట్ హెల్ప్ లాఫింగ్", "షి ఈజ్ బిజీ కుకింగ్". "దిస్ షర్ట్ నీడ్స్ వాషింగ్" అంటే ఈ చొక్కా ఉతకాలి. చొక్కా ఉతకదు, ఉతకబడాలి, అయినా ‘బీయింగ్ వాష్డ్’ అనరు. "వుడ్ యు మైండ్ ఓపెనింగ్ ద విండో?" అని అడిగితే, తీయడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు "నో" లేదా "నాట్ ఎట్ ఆల్" అనాలి. అభ్యంతరమా అని కదా అడిగింది. గబుక్కున "యస్" అనేసి కిటికీ తీసేవాళ్లు మనలో చాలామంది.

వ్యతిరేకార్థం కావాలంటే ‘నాట్’ని జెరండ్ ముందు పెట్టడమే: "ఐ రిగ్రెట్ నాట్ టేకింగ్ నోట్స్", నోట్సు రాసుకోకపోవడం గురించి బాధపడుతున్నాను. మనం పడే పని అయితే ‘బీయింగ్’: "నో వన్ లైక్స్ బీయింగ్ స్కోల్డెడ్ ఇన్ పబ్లిక్", నలుగురిలో తిట్టించుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు.

జెరండ్ ముందు ‘మై’ రావాలా, ‘మి’ రావాలా అన్నది కూడా అడుగుతుంటారు. "డు యు మైండ్ మై సిట్టింగ్ హియర్?", "డు యు మైండ్ మి సిట్టింగ్ హియర్?" దీని మీద ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పెద్ద వాదమే నడిచింది. ఇంగ్లండ్‌లో ఫౌలర్ అనే ఆయన ‘మి’ తరహా వాడుకకు ‘ఫ్యూజ్డ్ పార్టిసిపుల్’ అని పేరు పెట్టి మరీ ఖండించాడు. డెన్మార్క్ వ్యాకరణవేత్త ఒట్టో యెస్పర్సన్ దాన్ని ఒప్పుకోక, మంచి రచయితలంతా ఎప్పటినుంచో అలా రాస్తున్నారని ఉదాహరణలు ముందుపెట్టాడు. నా ఓటు యెస్పర్సన్‌కే. మాటల్లో ఇప్పుడు ‘మి’నే ఎక్కువ. పరీక్షలో రెండూ ఆప్షన్లుగా ఇస్తే మాత్రం ‘మై’ పెట్టి మార్కు తెచ్చుకోండి. వాక్యం మొదట్లో అయితే ఎప్పుడైనా ‘మై’, ‘హిజ్’ మేలు: "హిజ్ కమింగ్ లేట్ అప్‌సెట్ ఎవ్రీవన్."

చివరగా ‘లైక్’. మీ జాబితాలో ఇది రెండు వైపులా ఉండి గందరగోళం చేస్తోందని రాశారు. అమెరికా వాళ్లు ఏది పెట్టినా పెద్దగా తేడా చూడరు. బ్రిటిష్ వాడుకలో కాస్త తేడా ఉంది. "ఐ లైక్ గోయింగ్ టు ద బీచ్" అంటే వెళ్ళడంలో సరదా. "ఐ లైక్ టు గెట్ మై టీత్ చెక్డ్ ఎవ్రీ ఇయర్" అంటే సరదా ఏమీ లేదు, చేయించుకోవడం మంచిదని నా ఉద్దేశం. ‘వుడ్ లైక్’ వచ్చిందంటే మాత్రం ఎక్కడైనా టునే, ఎందుకంటే అది ఎప్పుడూ ముందున్న పనే. "డు యు లైక్ డ్రింకింగ్ కాఫీ?" అంటే మీకు కాఫీ తాగడం ఇష్టమేనా అని అలవాటు అడగడం. "వుడ్ యు లైక్ టు డ్రింక్ కాఫీ?" అంటే కాఫీ తాగుతారా అని. ఇంటికొచ్చినవాళ్లను అడగాల్సింది రెండోది.